రూల్స్ మారతాయని నాన్నగారి పాలసీ ఆపేయాలా?

ప్రశ్న: మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా నాన్నగారికి 66 ఏళ్లు. చాలా కాలంగా బీపీ, షుగర్ ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకున్నాం. వచ్చే నెల 12న రెన్యువల్. ఏజెంటుగా చేసే మా బాబాయి, "బీమా రూల్స్ మారుతున్నాయి, విదేశీ కంపెనీలు వస్తే ప్రీమియం తగ్గుతుంది. ఈసారి కట్టకుండా ఆగు, తర్వాత కొత్తది ఇప్పిస్తా" అంటున్నారు. ఆగమంటారా?

జవాబు: ఆగకండి. 12వ తేదీ లోపే కట్టేయండి.

రూల్స్ మారుతున్న మాట నిజమే. బీమా కంపెనీల్లో విదేశీ పెట్టుబడి పరిమితి 2015లో 49 శాతం, 2021లో 74 శాతం అయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాన్ని 100 శాతానికి పెంచింది. కానీ డబ్బు ఏ దేశానిదైనా మీ ప్రీమియాన్ని తేల్చేవి హాస్పిటల్ బిల్లులు, నాన్నగారి వయసు, ఆయన జబ్బులే. నిజంగా తగ్గినది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలపై 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. మీ రెన్యువల్ నోటీసులో అది సున్నా ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ఆపేస్తే పోయేదేమిటో చెప్తాను. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అన్నాళ్లు వాటికి క్లెయిమ్ ఇవ్వరు. అది ఒకప్పుడు గరిష్ఠంగా నాలుగేళ్లు, 2024 ఏప్రిల్ నుంచి మూడేళ్లు. ఎలా లెక్కేసినా నాన్నగారు దాన్ని దాటేసినట్టే. కొత్త పాలసీలో లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి. అసలు 66 ఏళ్ల షుగర్ పేషెంటుకు కొత్త పాలసీ ఇస్తారన్న హామీ కూడా లేదు. ఇంకొకటి, వరుసగా 60 నెలలు పాలసీ నడిస్తే ఆ తర్వాత "జబ్బు దాచారు" అని కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు, మోసం రుజువైతే తప్ప. ఈ రెన్యువల్ నాటికి మీకు 48 నెలలు నిండుతాయి. ఇంకో ఏడాది ఉందనగా వదులుకుంటారా?

నాకు ప్రీమియం కంటే పెద్ద టెన్షన్ వేరే ఉంది. నాలుగేళ్ల క్రితం ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తు) ఎవరు నింపారు? అందులో బీపీ, షుగర్ రాశారా? చాలా ఇళ్లలో ఏజెంటు నింపేస్తారు, మనం సంతకం పెట్టేస్తాం. "చిన్న షుగరే కదా, రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అని వదిలేస్తారు. క్లెయిమ్ వచ్చిన రోజున డాక్టరు కేస్ షీట్‌లో "పదేళ్లుగా షుగర్" అని రాస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఫారం కాపీ మామూలుగా పాలసీ పత్రంతోనే ఉంటుంది, తీసి చదవండి. రాయకపోతే కంపెనీకి ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం పెంచవచ్చు, ఇబ్బంది పెట్టవచ్చు కూడా. అయినా నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు ఆ మాట బయటపడటం కంటే ఇదే నయం.

కట్టడం మర్చిపోతే 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంది కదా అనుకోవద్దు. ఏడాదికి ఒకేసారి కట్టే పాలసీలో ఆ రోజుల్లో కడితే పాత లెక్క నిలుస్తుంది గానీ, కట్టని రోజుల్లో హాస్పిటల్‌లో చేరితే క్లెయిమ్ రాదు.

ఈ కంపెనీ నచ్చకపోతే పోర్టబిలిటీ ఉంది, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకోవడం. వెయిటింగ్ లెక్క మీతోపాటే వస్తుంది. అయితే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు అడగాలి, కాబట్టి ఈ ఏడాదికి సమయం దాటిపోయింది. వచ్చే ఏడాది ప్రయత్నించండి. కొత్త కంపెనీ సరేనని రాసి ఇచ్చేదాకా పాతది వదలకండి.

ఇక మారబోయే రూల్స్ సంగతి. నానక్‌రామ్‌గూడలోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు మార్చాలంటే మామూలుగా ముందు ముసాయిదా వెబ్‌సైట్‌లో పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. మీరూ పంపవచ్చు. ముసాయిదా మారవచ్చు, ఆలస్యం కావచ్చు. మంచి రూల్ వచ్చినా అందుకోసం కొత్త పాలసీ కొనాల్సిన పని సాధారణంగా ఉండదు. క్యాష్‌లెస్‌కు (బిల్లు కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కు కట్టే పద్ధతి) గంటలో, డిశ్చార్జికి 3 గంటల్లో అనుమతి ఇవ్వాలని 2024లో ఆదేశించినప్పుడు అది పాత పాలసీలకూ వర్తించింది.

బాబాయిగారితో మాట పట్టింపు వద్దు. "ఈసారికి కట్టేస్తున్నాం బాబాయ్, ఆ ప్రపోజల్ ఫారం కాస్త వెతికి పెట్టండి" అని అడగండి.