ఏ క్యాప్ గట్టిది?

ప్రశ్న: కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. బరంపురంలోని దంతవైద్యులు జిర్కోనియా, ఈ-మ్యాక్స్, లోహంపై పింగాణీ అని మూడు రకాల క్యాపులు చెప్పారు. నాకు నిద్రలో పళ్లు కొరికే అలవాటుంది. ఏది విరగకుండా నిలుస్తుంది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, వంచినప్పుడు విరగకుండా ఎంత ఒత్తిడికి ఓర్చుకుంటుందో చూసే పరీక్షలో పాత తరహా పింగాణీ సుమారు 100 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలమానం) వద్దే ఆగిపోతుంది, ఈ-మ్యాక్స్‌గా దొరికే లిథియం డైసిలికేట్ అనే గాజు తరహా పింగాణీ సుమారు 400, సాధారణ జిర్కోనియా 900 నుంచి 1200 వరకు తట్టుకుంటాయి. అయితే జిర్కోనియా అంతా ఒకటి కాదు. ముందు పళ్ల అందం కోసం అందులో కలిపే ఇట్రియా అనే పదార్థం మోతాదు పెంచి, వెలుతురు ప్రసరించేలా చేసిన రకంలో బలం బాగా తగ్గుతుంది కనుక, పేరు విని తృప్తిపడక ఏ రకమో తప్పక అడగండి. మూడో రకంలో లోపలి లోహం చెక్కుచెదరదు గానీ పైనున్న పింగాణీ పెచ్చులూడవచ్చు. పింగాణీ పూత వేసిన జిర్కోనియాకూ ఇదే బెడద.

మీ అలవాటు దృష్ట్యా, పూత లేకుండా ఒకే దిమ్మె నుంచి చెక్కిన సాధారణ జిర్కోనియానే నేను సూచిస్తాను. దానికి నున్నగా మెరుగు పెట్టించాలి. గరుకుగా వదిలేస్తే ఎదుటి పంటిని అరగదీస్తుంది. రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు (నైట్ గార్డు) కూడా చేయించుకోండి. చిగురుపైన పంటి చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి భాగం మిగిలిందో లేదో వైద్యులను అడగండి. అది లేనప్పుడు క్యాప్ ఎంత గట్టిదైనా లోపలి పన్నే విరిగే ప్రమాదం ఉంది.