పదహారేళ్ల బిడ్డకు లింగమార్పిడి ఆపరేషన్: తల్లిదండ్రులు సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చిన్నోడు నల్లగొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. పదహారేళ్లు. "నేను మగపిల్లవాణ్ని కాదమ్మా, ఆడపిల్లను" అని చాలా రోజుల నుంచి అంటున్నాడు. దసరాకు ఇంటికొచ్చి, ఆపరేషన్ చేయించమని ఒకటే ఏడుపు. హైదరాబాద్‌లో ఒకాయన రెండు లక్షలిస్తే చేయిస్తానని, మేం సంతకం పెడితే చాలని వాట్సాప్‌లో ఫారం పంపాడు. వయసు దగ్గర 19 అని రాయమన్నాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడటమే మానేశాడు. మా అన్నేమో గాలి సోకింది, మంత్రగాడికి చూపిద్దామంటున్నాడు. మేం సంతకం పెట్టొచ్చా? పెట్టకపోతే వాడంతట వాడే పోయి చేయించుకుంటాడేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. మీ ఆయనతోనూ పెట్టించకండి.

వయసు గడిలో 19 వేయమన్నాడంటే, పదహారేళ్ల పిల్లలకు ఈ ఆపరేషన్ చేయకూడదని ఆయనకు బాగా తెలుసన్నమాట. రేపు ఏదైనా జరగరానిది జరిగితే "తల్లిదండ్రులే వయసు తప్పు చెప్పారు" అని ఆ కాగితం చూపించి తప్పుకుంటాడు. కోర్టు మాత్రం ఆ ఫారం చూడదు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూసేది బడి సర్టిఫికెట్, పదో తరగతి మెమో. మెమోలో పదహారు, ఫారంలో పంతొమ్మిది, కింద మీ సంతకం. అప్పుడు బోనులో నిలబడేది మీరు.

ఇక అసలు విషయం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది. అందులో ఈ శస్త్రచికిత్సకు ఇంత వయసుండాలని ఎక్కడా రాయలేదు. చట్టంలో వద్దని లేదు కదా అని దళారులు చెప్పేది ఇందుకే. కానీ మిగతా చట్టాలు ఊరుకోవు. మేజర్ అంటే మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో తీవ్ర గాయాల జాబితా ఉంది, అందులో మొట్టమొదటిది పురుషత్వాన్ని పోగొట్టడం. సంరక్షకుల సమ్మతి గురించి చెప్పే 27వ సెక్షన్ పన్నెండేళ్లలోపు పిల్లలకే వర్తిస్తుంది. అక్కడ కూడా ప్రాణం కాపాడటానికో, తీవ్రమైన జబ్బు నయం చేయడానికో తప్ప తీవ్ర గాయానికి తల్లిదండ్రుల ఒప్పుకోలు పనికిరాదు. పదహారేళ్ల బిడ్డ తరఫున మీరు పెట్టే సంతకానికి ఎంత బలం ఉంటుందో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

కోర్టుల ధోరణీ ఇదే. పుట్టుకతో ఆడో మగో స్పష్టంగా తెలియని శిశువులకు ఆపరేషన్లు చేయకూడదని 2019 ఏప్రిల్‌లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయం ఉంటే తప్ప వాటిని నిషేధించింది. 2023 ఆగస్టులో కేరళ హైకోర్టు ముందుకు అలాంటి ఏడేళ్ల బిడ్డ తల్లిదండ్రులు వచ్చి ఆపరేషన్‌కు అనుమతి అడిగారు. బిడ్డ సమ్మతి లేకుండా చేస్తే ఆ బిడ్డ హక్కులకు భంగమని కోర్టు ఒప్పుకోలేదు, నిపుణుల కమిటీకి అప్పజెప్పింది. మీ బిడ్డ సంగతి వేరు, తనే నోరు తెరిచి అడుగుతోంది. అయినా వెనక్కి తీసుకోలేని పని పిల్లల ఒంటి మీద చేసే ముందు తల్లిదండ్రుల మాట ఒక్కటే చాలదన్న సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

విదేశాల్లో చేస్తున్నారని ఆ ఫారం పంపినాయన చెప్పి ఉండొచ్చు. అక్కడా ఏకాభిప్రాయం లేదు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు లింగమార్పిడి కోసం హార్మోన్లు, యుక్తవయసు మార్పులను ఆపే మందులు ఇవ్వడాన్ని నిషేధించిన టెన్నెసీ రాష్ట్ర చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్ 18న 6-3 మెజారిటీతో సమర్థించింది.

నా అభిప్రాయం దాచుకోను. ఈ పిల్లలకు డాక్టర్ గడపే మూసేయడం అన్యాయం. కానీ కత్తి మాత్రం పద్దెనిమిది నిండాకే. ఈ ఆపరేషన్ తర్వాత పిల్లలు పుట్టే అవకాశం పోతుంది, మళ్లీ మొదటికి రావడం ఉండదు. ఎకరం పొలం అమ్మినా సంతకం చెల్లని వయసు అది.

తనే పోయి చేయించుకుంటే అన్నారు. మంచి ఆసుపత్రి ఏదీ చేయదు. నా భయం ఆసుపత్రి కాని చోట్ల గురించి. నిర్వాణం (హిజ్రాల్లో మగ అవయవాలు తీసేసే ఆచారం) పేరుతో చదువు లేనివాళ్లు గదుల్లో చేసే కోతలకు రక్తం పోయి ప్రాణాలే పోతాయి. మీ బిడ్డను ఎవరైనా మీ ఇష్టం లేకుండా తీసుకుపోతే అది కిడ్నాప్. పాత ఐపీసీలో ఈ రక్షణ మగపిల్లలకు పదహారేళ్ల వరకే ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహిత 137వ సెక్షన్‌లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష. కోత కోసినవాడి మీద 118వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వెళ్లొచ్చు.

ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ల సంగతి. మీ అన్నకు గట్టిగా చెప్పండి: ఇది గాలీ కాదు, ధూళీ కాదు. కొట్టినా, బాధపెట్టినా, ఇంట్లోంచి వెళ్లగొట్టినా 2019 చట్టం 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, సొంతవాళ్లకు మినహాయింపు లేదు. "మార్చేస్తాం" అని వైద్యం చేసే డాక్టర్లది కూడా వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. నిజాం కాలంలో 1919లో ఒక చట్టం ఉండేది. ఆడవేషంలో కనిపించిన హిజ్రాలను వారంటు లేకుండా పట్టుకోవచ్చని అందులో రాశారు. మన నల్లగొండ, పాలమూరు ఆ చట్టం కిందే ఉండేవి. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. ఇంతకాలం పట్టింది. ఆ కాలపు చూపు మన ఇళ్లలోంచి పోవడానికి ఇంకెంత పడుతుందో.

మీ ఆయన మౌనమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేకపోతే ఆ ఫారం పంపినాయనే బిడ్డకు దిక్కవుతాడు. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని సూటిగా చెప్పండి: "ఇప్పుడు వద్దంటున్నాం, ఎప్పటికీ వద్దనడం లేదు. పద్దెనిమిది నిండాక నీ సంతకం నీదే." ఇది ఓదార్పు మాట కాదు, చట్టమే. మేజర్ అయిన రోగి తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు మీరు అవునన్నా కాదన్నా తేడా ఉండదు. ట్రాన్స్‌జెండర్లకు ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, ఈ శస్త్రచికిత్సతో సహా, ఇచ్చేలా 2022లో ఒప్పందం కూడా కుదిరింది. ఈ రెండు లక్షల అప్పు మీకెందుకు?

ఈలోగా నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, మార్చమని కాదు, బిడ్డ చెప్పేది ఓపిగ్గా వినమని. రాత్రిపూట బిడ్డ గుబులు పడితే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ 14416కు చేయొచ్చు. ఇంకొకటి మెల్లగా అడగండి: మెడికల్ షాపులో కుటుంబ నియంత్రణ మాత్రలు కొనుక్కుని మింగుతోందా అని. ఈ వయసు పిల్లలు ఒంట్లో మార్పు కోసం దొంగచాటుగా వాడుతుంటారు, డాక్టర్ లేకుండా అది ప్రమాదం. ట్రాన్స్‌జెండర్ అని గుర్తింపు సర్టిఫికెట్ కావాలంటే మైనర్ తరఫున తల్లే కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టొచ్చని, దానికి ఆపరేషన్ అక్కర్లేదని 2019 చట్టంలో రాశారు; ఇప్పటి నియమం ఏమిటో ముందు కనుక్కోండి. కాలేజీలో, హాస్టల్లో ఎవరైనా వేధిస్తే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. చదువు మాత్రం ఆగనివ్వొద్దు.

ఆ దళారి మెసేజ్‌లు, వాయిస్ రికార్డులు, నంబరు ఏదీ చెరపకండి. అవి, పదో తరగతి మెమో పట్టుకుని నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు రండి. ఆడవాళ్లకు, పిల్లలకు అక్కడ వకీలు ఫీజు ఉండదు, రాలేకపోతే 15100కు ఫోన్ చేయండి. బిడ్డ హాస్టల్లో కనిపించలేదని కబురొస్తే తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కో అత్యవసర నంబరు 112కో చేసి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాయించండి.