ట్రైలర్ బరువు: 3,500 పౌండ్ల లెక్కలో దాగిన ఖర్చు

డాలస్ నుంచి డెన్వర్‌కు మకాం మారుస్తున్నామనీ, మీ మినీవ్యాన్ 3,500 పౌండ్లు లాగగలదని మాన్యువల్‌లో ఉందనీ, ఆ లోపు సామాను ఎక్కిస్తే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. ఈ దేశానికి కొత్తగా వచ్చినవారు ఆ ఒక్క అంకెనే పట్టుకుంటారు. పద్నాలుగేళ్ల క్రితం ఇదే దారిలో నేనూ అదే చేశాను.

సామాన్ల లారీకి ఇవ్వవలసిన రెండు వేల డాలర్లు మిగులుతాయన్న ఆశతో ట్రైలర్ అద్దెకు తీసుకుని, మంచాలూ సోఫాలూ వంటసామానూ కలిపి 2,000 పౌండ్లు ఉంటాయని కంటితోనే అంచనా వేశానే తప్ప, ఖాళీ ట్రైలరే 1,900 పౌండ్లన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. రెండూ కలిపితే 3,900. టెక్సాస్‌లోని అమరిల్లో నగరం వరకు నేల చదును కాబట్టి ఇబ్బంది తెలియలేదు. న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులో 7,834 అడుగుల ఎత్తున్న రాటన్ కనుమ ఎక్కుతుండగా ట్రాన్స్‌మిషన్ కాగిపోయి బండి ఆగిపోయింది. పిల్లలతో నాలుగు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. మరమ్మతుకు అయిన 4,300 డాలర్లు అప్పట్లో మా మూడు నెలల ఇంటి అద్దె.

తరువాత కూర్చుని లెక్క వేస్తే మరో తప్పు బయటపడింది. డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ ప్రకారం మనుషులూ సామానూ కలిపి మా బండి మోయగలిగింది 1,200 పౌండ్లే. మేము నలుగురం 600, లోపలి సామాను 350. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను తగిలించే బండి వెనుక కొక్కెం మీద, పడుతుంది కాబట్టి, 3,900లో పన్నెండు శాతం చొప్పున మరో 468. మొత్తం 1,418. ట్రైలర్ 3,500 లోపే ఉన్నా ఈ 1,200 పరిమితి దాటిపోవచ్చు. హిచ్ మీద ముద్రించిన పరిమితి ఇంకా తక్కువైతే దానికే కట్టుబడాలి.

ట్రైలర్ బ్రేకుల నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, చూసుకోండి. బయలుదేరే ముందు ట్రక్ స్టాప్‌లోని కాటా మీద, అందరూ బండిలో ఉండగానే, తూకం వేయించండి. దానికి ఇరవై డాలర్లు కూడా కావు. ఎక్కువ తేలితే సోఫాలను డాలస్‌లోనే అమ్మేయండి. డెన్వర్‌లో పాతవి కొనుక్కున్నా నేను పోగొట్టుకున్నంత ఖర్చు కాదు.