లీసా 2/5కు కరెంటు ఇచ్చే ముందు

ఏళ్ల తరబడి మూలనపడి ఉన్న ఆపిల్ లీసా 2/5 అనే పాతకాలపు కంప్యూటర్‌కు నేరుగా కరెంటు ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. దయచేసి ఇప్పుడే ఇవ్వకండి. 1983లో వచ్చిన తొలి లీసాలో లాగానే దీని ఐ/ఓ బోర్డు (ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనులు చూసే సర్క్యూట్ బోర్డు) మీద కూడా నికెల్-కాడ్మియం బ్యాటరీలు ఉంటాయి, అవి కారితే అందులోని క్షారం బోర్డు మీది రాగి గీతలనూ సాకెట్లనూ తినేస్తుంది. పనిముట్లు లేకుండానే విప్పగలిగేలా ఈ యంత్రాన్ని రూపొందించారు (ఎంత ముందుచూపో!) కాబట్టి, ప్లగ్గు తీసి, వెనుక ప్యానెల్ తెరిచి, బోర్డుల అరను బయటికి లాగి, గ్లౌజులు వేసుకుని బ్యాటరీలను తొలగించండి. మరకలను వెనిగర్‌తో తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, గీతలు తెగాయేమో మల్టీమీటర్‌తో చూడండి. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటులోని అలజడిని వడగట్టే భాగాలు) పగిలి ఉంటే వాటిని మార్పించిన తరువాతే ఆన్ చేయండి. మౌస్‌నూ తెర మీది విండోలనూ మార్కెట్లోకి తెచ్చిన తొలి యంత్రాలలో ఇదొకటి. తొందరపాటుతో దాన్ని పోగొట్టుకోకండి.