ఒక్కసారిగా అందరి కళ్లూ తమ మీద పడితే క్వేకర్లు ఏం చేస్తారు?

పేరొచ్చినా నింద వచ్చినా ఒంటరిగా తేల్చుకోకుండా తోటివారితో కూర్చోవడం క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి పద్ధతి. దాని వెనక చేదు అనుభవం ఉంది. 1656లో జేమ్స్ నేలర్ అనే క్వేకర్ బోధకుడు గుర్రం మీద ఇంగ్లండులోని బ్రిస్టల్‌లోకి వస్తుంటే, అనుచరులు ఏసు యెరూషలేము ప్రవేశంలా కీర్తనలు పాడారు. పార్లమెంటు దాన్ని దైవదూషణగా తేల్చింది. దైవదూషకుడన్న ఇంగ్లిష్ మాటకు గుర్తుగా నేలర్ నుదుట 'బి' అక్షరం వాత పెట్టారు, నాలుకకు కాల్చిన ఇనుపచువ్వతో తూటు పొడిచారు. ఆ తర్వాత, ఒక్కరికి కలిగిన ప్రేరణను సంఘం పరీక్షించడం గట్టిపడింది.

అందుకు ఇప్పుడు వాడేది 'క్లియర్‌నెస్ కమిటీ'. అంటే మనసు తేటపడేందుకు కూర్చునే చిన్న బృందం. మొదట్లో ఇది పెళ్లికి ముందు అడ్డంకులేమైనా ఉన్నాయా అని చూసే ఏర్పాటు. చిక్కులో ఉన్నవారు విషయాన్ని ముందే రాసి, తాము నమ్మే ఐదారుగురికి ఇస్తారు. రెండు మూడు గంటలు కూర్చుంటారు, మౌనంతో మొదలుపెడతారు. ఆపైన ప్రశ్నలే, సలహాలుండవు.

ఎక్కువగా చెడేది ఇక్కడే. "కొన్నాళ్లు ఫోన్ పక్కన పెట్టొచ్చుగా?" అనేది ప్రశ్న ముసుగేసుకున్న సలహా. "ఆ పొగడ్తలు చదివిన రాత్రి నిద్ర పట్టిందా?" అనేది నిజమైన ప్రశ్న, అడిగినవారికి జవాబు తెలియదు కాబట్టి. గబగబా అడిగితే పోలీసు విచారణలా మారుతుంది. ఒక జవాబుకీ మరో ప్రశ్నకీ మధ్య ఊపిరి పీల్చుకునే మౌనం ఉండాలి. జవాబు చెప్పకుండా ఉండే హక్కూ ఉంటుంది. అక్కడి మాట గడప దాటదు. తర్వాత ఆ మనిషి తానే ఎత్తితే తప్ప ఎవరూ ఎత్తరు.