కంపనాల చదువు చదివితే నలుగురికీ ఏమని చెప్పుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. యంత్రాల కంపనాలను అదుపు చేసే విషయంలో ఎం.టెక్. చేస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సులో చేరమని నేనంటున్నాను. ఏది మేలు? అదురు గురించి చదివిందంటే నలుగురికీ ఏమని చెప్పుకోవాలి?

జవాబు: ఏది మేలన్న ప్రశ్న కంటే మీ చివరి వాక్యమే మీకు నిద్ర పట్టనివ్వడం లేదని అర్థమవుతోంది. అమ్మాయికి ఈ విషయం ఎందుకు నచ్చిందో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

నలుగురికీ చెప్పుకోవడానికైతే లండన్‌లోని మిలీనియం వంతెన కథ చాలు. 2000 జూన్ 10న తెరిచిన ఆ కాలినడక వంతెన జనం నడకకు పక్కలకు ఊగింది. ఊగేకొద్దీ తూలిపోకుండా జనం ఆ లయకే అడుగులు వేయడంతో ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజులకే మూసివేసి, ఊపులోని శక్తిని పీల్చుకునే డాంపర్లు అమర్చి, 2002లో తిరిగి తెరిచారు. తైవాన్‌లోని ఆకాశహర్మ్యం తైపే 101 పై అంతస్తుల్లో 660 టన్నుల ఉక్కు గోళాన్ని వేలాడదీసిందీ గాలి ఊపును తగ్గించడానికే.

అయితే ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది ఇలాంటి వింతల దగ్గర కాదు, పంపులు, టర్బైన్లు, కార్ల దగ్గర. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే పంపు అదురుతోందనుకుందాం. తిరిగే ఇరుసును (షాఫ్టును) మోసే బేరింగు మీద సెన్సారు పెట్టినప్పుడు సెకనుకు 25 సార్ల దగ్గర కంపనం ఎత్తుగా కనిపిస్తే, తిరిగే భాగంలో బరువు ఒకవైపు ఎక్కువైందని మొదట అనుమానిస్తారు. 50 దగ్గర కనిపిస్తే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరుసలో ఉన్నాయా అని చూస్తారు. మొదటిదానికి బ్యాలెన్సింగ్, రెండోదానికి అలైన్‌మెంట్. అసలు లోపం పునాది బోల్టు వదులు కావడమైతే ఈ రెండూ చేసి లాభం లేదు.

డేటా సైన్స్ మీద నా సందేహం ఇక్కడే. ఆ విద్యను తక్కువ చేయడం లేదు. ఆరు నెలల్లో జీవితం మారిపోతుందని అమ్ముతున్న కోర్సులనే నమ్మలేకపోతున్నాను. కర్మాగారాల్లో సెన్సార్ల డేటా కుప్పలుగా పడి ఉంటోంది. పంపు మామూలుగా లేదని ప్రోగ్రాము పసిగట్టగలదు గానీ, స్పానరు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి యంత్రం తెలిసిన మనిషి కావాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను అమ్మాయి ఇంట్లో కూర్చుని నేర్చుకోగలదు, యంత్రాల్లో తిరిగే భాగాల కదలికలను చదివే రోటర్ డైనమిక్స్‌ను అలా నేర్చుకున్నవారిని నేను చూడలేదు.

దాచకుండా చెబుతాను: క్యాంపస్ నియామకాలకు ఈ రంగం కంపెనీలు తక్కువగా వస్తాయి, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతమంత ఉండకపోవచ్చు, ప్లాంటులో వేడిలో, రొదలో తిరగవలసి వస్తుంది. ఆడపిల్ల ప్లాంటులోనా అని మీరు అనబోతున్నారు. ఆమెను మెకానికల్‌లో చేర్పించినప్పుడు లేని ఆ అభ్యంతరం ఇప్పుడెందుకు? దయచేసి ఆ మాట ఆమె ముందు అనకండి. యుద్ధనౌకల ఇంజన్ల అదురు శబ్దమై నీటిలోకి పాకి శత్రువుకు వినబడకుండా చూడడం కూడా ఈ విద్యే. నౌకాదళానికి పరిశోధన చేసే డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) ప్రయోగశాల మీకు దగ్గరగా, విశాఖలోనే ఉంది. ఈ చదువుతో ఆమె ఖాళీగా కూర్చుంటుందన్న భయం మీకు అక్కర్లేదు.

కంపనాల పేరుతోనే ఎం.టెక్. కోర్సు ఉండాలని వెతకనక్కర్లేదు; వరంగల్ ఎన్‌ఐటీలో ఉన్నటువంటి మెషీన్ డిజైన్ కోర్సులో చేరి, ప్రాజెక్టు దీని మీద చేయవచ్చు. ముందుగా ఈ సెలవుల్లో కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలోనో వంటనూనె రిఫైనరీల్లోనో మెయింటెనెన్స్ విభాగంలో ఇంటర్న్‌షిప్ అడగమనండి. పంపుల మధ్య ఒక నెల గడిపాక కూడా ఆమె ఇదే కావాలంటే, మారు మాట్లాడకుండా ఫీజు కట్టండి.