డెట్రాయిట్ కోలుకోవడంలో ఆర్ట్ మ్యూజియం పాత్ర నిజంగా ఉందా?

మీరు అమెరికాలో డెట్రాయిట్ శివారైన ఓక్లాండ్ కౌంటీలో ఇల్లు కొంటున్నారు. పన్ను బిల్లులో డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియం పేరుతో విడిగా ఒక లైను కనిపించింది. మనం వెళ్లని ఊళ్లోని బొమ్మలకి మనమెందుకు కట్టాలి, దానివల్ల ఆ ఊరికి ఒరిగిందేమిటి అని అడిగారు.

నేను 2011 నుంచి అదే కౌంటీలోని నోవైలో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన "ఎయిట్ మైల్ రోడ్డు దాటి అటు పోకండి" అని జాగ్రత్త చెప్పారు. డెట్రాయిట్‌కి ఉత్తరపు సరిహద్దు ఆ రోడ్డే. పోలేదు. గుడి, ఇండియన్ స్టోరు, ఆఫీసు, స్నేహితుల ఇళ్లు అన్నీ ఇటువైపే. డెట్రాయిట్‌లో ఉంటున్నామని ఇంటికి ఫోన్లో చెప్పుకోవడమే గానీ, ఆ ఊరు చూసిందే లేదు. 1950లో 18 లక్షలకు పైగా జనం ఉన్న నగరం 2010కి 7 లక్షల పైచిలుకుకి వచ్చేసింది. నాలాంటివాళ్లు అటు తొంగి చూడకపోవడం కూడా ఆ జబ్బులో భాగమేనని తర్వాత అర్థమైంది.

2012 ఆగస్టులో వేన్, ఓక్లాండ్, మకోంబ్ కౌంటీల ఓటర్లు మ్యూజియం కోసం ఇంటి పన్నుకి 0.2 మిల్లు, అంటే పన్ను విలువలో ప్రతి వెయ్యి డాలర్లకి 20 సెంట్లు, కలపడానికి ఒప్పుకున్నారు. బదులుగా మూడు కౌంటీల వాళ్లకీ టికెట్ లేదు. మాది హెచ్‌1బి ఉద్యోగ వీసా, ఓటు లేదు, కానీ ఉచిత ప్రవేశం మాకూ వర్తించింది. ఆ చలికాలం, పిల్లాడితో ఇంట్లో కూర్చోలేక మొదటిసారి మ్యూజియం ఉన్న వుడ్‌వర్డ్ అవెన్యూ ఎక్కాం. నిజం చెప్పాలంటే టికెట్ ఉండి ఉంటే వెళ్లేవాళ్లం కాదు. అలా వెళ్లి, ఆకలేసి అక్కడే పక్కన తిని, ఇంకోసారి ఎదురుగా ఉన్న లైబ్రరీ చూసి, మరోసారి శనివారం ఈస్టర్న్ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని, మెల్లగా భయం పోయింది. మ్యూజియం ఊరికి చేసిన మొదటి మేలు ఇదేనని నా నమ్మకం: శివార్ల వాళ్లకి ఊళ్లోకి వచ్చే అలవాటు చేసింది.

రెండోది ఇంకా పెద్దది. 2013 జులైలో నగరం దివాలా పిటిషన్ వేసింది, అప్పు దాదాపు 1,800 కోట్ల డాలర్లు. మ్యూజియంలోని చిత్రాలు చాలావరకు నగరం ఆస్తే కాబట్టి, వాటిని అమ్మి బాకీలు తీర్చమని అప్పులవాళ్లు పట్టుబట్టారు. మరోపక్క రిటైరైన నగర ఉద్యోగుల పెన్షన్ల మీద కత్తి వేలాడుతోంది. అప్పుడు కుదిరిన ఒప్పందమే గ్రాండ్ బార్గెయిన్. ఫౌండేషన్లు, మిషిగన్ రాష్ట్రం, మ్యూజియం దాతలు కలిసి 20 ఏళ్లలో 80 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. ఆ డబ్బు పెన్షన్లకి వెళ్లాలి, చిత్రాలు నగరం చేతిలోంచి మ్యూజియం ట్రస్టుకి మారాలి, ఇక నగరం అప్పుల కోసం వాటిని అమ్మడానికి వీల్లేదు. మామూలు ఉద్యోగుల పెన్షన్లో కోత 4.5 శాతం దగ్గర ఆగింది. అదీ బాధే, ఏటా పెరిగే భృతి కూడా పోయింది. కానీ బొమ్మలు లేకపోతే ఆ ఫౌండేషన్లు అంత డబ్బు తెచ్చేవా? తెచ్చేవి కావనే అనుకుంటాను.

ఈ సంగతి నాకంటే బాగా అర్థమైంది మా నాన్నకి. ఆయన విశాఖ స్టీల్ ప్లాంటులో గోదావరి అనే బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) దగ్గర పనిచేసి రిటైరయ్యారు. 2018లో ఇక్కడికొచ్చినప్పుడు మ్యూజియానికి తీసుకెళ్లాను. నడిమి హాల్లో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా 1932-33లో వేసిన 27 కుడ్యచిత్రాలున్నాయి, ఫోర్డ్ వారి రూజ్ కార్ల ఫ్యాక్టరీ పనంతా గోడలెక్కింది. ఉత్తరపు గోడ పైభాగంలో కొలిమి, కింద నడుములు వంచి ఇంజిన్ బ్లాకులు లాగుతున్న మనుషులు. నాన్న అరగంట కదల్లేదు. "ఇతగాడెవరో గానీ ఫర్నేస్ దగ్గర నిలబడి చూసినోడేనమ్మా, సెగ సరిగ్గా వేశాడు" అన్నారు. రివేరా నెలల తరబడి ఆ ఫ్యాక్టరీలో తిరిగి స్కెచ్‌లు వేసుకున్నాడని చెబితే, "మరి అదే" అన్నారు. గోడ అడుగున బూడిద రంగులో చిన్న చిన్న బొమ్మలుంటాయి, కార్మికుడి రోజంతా వాటిలో ఉంటుంది. పంచ్ కార్డు కొట్టే చోట వరసలో నిలబడ్డవాళ్లని చూపించి, "ఏ షిఫ్టో" అన్నారు. పెన్షన్ల కథ చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒకటే: ఎంత శాతం కోశారు?

అలాగని ఊరు బాగుపడటమంతా మ్యూజియం ఖాతాలో వెయ్యను. అసలు అది డౌన్‌టౌన్‌లో లేదు, అక్కడికి రెండు మూడు మైళ్ల ఎగువన మిడ్‌టౌన్‌లో ఉంది. 2010 నుంచి డౌన్‌టౌన్‌కి కంపెనీ ఆఫీసులు తిరిగి రావడం, 2017లో వుడ్‌వర్డ్ మీద క్యూలైన్ ట్రామ్ నడవడం, పాడుబడ్డ మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ని ఫోర్డ్ బాగుచేసి 2024లో తెరవడం, ఇవన్నీ కలిశాయి. ఇప్పటికీ వుడ్‌వర్డ్ నుంచి నాలుగు వీధులు లోపలికెళ్తే ఖాళీ స్థలాలు కనిపిస్తాయి. ఆ పేటల్లో బతికేవాళ్లకి ఈ వెలుగు ఎంత అందిందన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే ప్రశ్నే. మ్యూజియం తన చిత్రాల నకళ్లని ఫ్రేములు కట్టి ఆరుబయట గోడలకీ పార్కుల్లోనూ పెడుతుంది, అది చూస్తే కాస్త సంతోషంగా ఉంటుంది.

ఇక మీ లైను లెక్క. పన్ను విలువ మార్కెట్ ధరలో సుమారు సగం కాబట్టి, 4 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి దాదాపు 40 డాలర్లు. 2020లో ఓటర్లు దీన్ని పొడిగించారు కూడా. మీరెలాగూ కడతారు గనుక ఒకసారి వెళ్లి రండి. సోమవారం సెలవు, శుక్రవారం రాత్రి వరకు తెరిచి ఉంటుంది. అడ్రసున్న ఐడీ దగ్గర పెట్టుకోండి. అమ్మానాన్నలు ఇక్కడుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. రివేరా హాల్లో బెంచీలున్నాయి, వాళ్లు అక్కడే కూర్చుంటామంటే తొందరపెట్టకండి.